పెళ్లికొడుకు లేని పెళ్లి బస్సు

విశాఖపట్నంలో ట్రావెల్స్ ఆఫీసు అన్నాక గోడ మీద ఒక పెద్దాయన పటం ఉండాలి. కండువా, బుర్రమీసాలు, ప్లాస్టిక్ పూలదండ, చుట్టూ ఆరుతూ వెలిగే బల్బులు. మొన్న మద్దిలపాలెంలో రాత్రి తొమ్మిదింటి బస్సు కోసం పదకొండున్నర దాకా అలాంటి పటం కింద కూర్చున్నాను. ఈ వంశాల చరిత్ర ఎవరూ రాయలేదే అని మనసు కలుక్కుమంది. తీరిక వాళ్లే కల్పించారు కనుక ఆ రుణం తీర్చుకోవడం నా ధర్మం.

తాతగారిది బొగ్గు బస్సు కాలం. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు కరవై బస్సులు వెనక బొగ్గు పొయ్యి కట్టుకుని తిరిగాయి. ఎత్తు వస్తే ప్రయాణికులే దిగి తోసేవారు. డబ్బిచ్చినవాడి చేతే పని చేయించుకునే సంప్రదాయానికి అక్కడే పునాది పడింది. అయితే 1939 మోటారు వాహనాల చట్టం తాతగారికి ఒక వరమిచ్చింది. దాని పేరు స్టేజి క్యారేజి పర్మిట్. దారిలో చెయ్యెత్తినవాడినల్లా ఎక్కించుకోవచ్చు, అడిగిన చోట దించవచ్చు.

1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీ ఒక్కో రూటునూ చేతిలోకి తీసుకుంటూ పోయింది. బస్సుల వాళ్లు కోర్టుకెక్కారు. కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ముఖ్యమంత్రినే మధ్యదారిలో దించేసిన బస్సులివి. గాజువాక అని చెప్పి మనల్ని కూర్మన్నపాలెంలో దించేస్తే అలగడం భావ్యమా?

కొడుకుగారి హయాం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కొన్నాళ్లు లారీలు, కొన్నాళ్లు పెళ్లి బస్సులు. కానీ ఆ పెళ్లి బస్సులోనే వంశానికి జ్ఞానోదయమైంది. దానికి కావలసింది కాంట్రాక్టు క్యారేజి పర్మిట్. ఒక బృందం బండిని మొత్తంగా మాట్లాడుకుంటుంది. జాబితాలో లేనివారిని దారిలో ఎక్కించకూడదు. 1988 చట్టం కూడా ఇదే అంటుంది. సరే, వధూవరులు లేనంత మాత్రాన బృందం బృందం కాకుండా పోతుందా?

మనవడి సామ్రాజ్యమంతా ఈ ప్రశ్న మీదే నడుస్తోంది. రోజూ రాత్రి ముక్కూమొహం తెలియని ముప్పై ఆరు మంది చట్టం దృష్టిలో ఒకే బృందమై హైదరాబాదు తరలివెళతారు. పై బెర్తులో గురక పెట్టే పెద్దమనిషీ, కింద ఫోనులో అప్పులవాడిని బతిమాలుకునే కుర్రవాడూ వియ్యాలవారే. ఎన్.ఏ.డి. కూడలి దగ్గర ఇద్దరు, అనకాపల్లిలో నలుగురు ఎక్కితే వాళ్లు ఆలస్యంగా వచ్చిన చుట్టాలు. అధికారి ఆపితే డ్రైవరు జాబితా చూపిస్తాడు, అధికారి తలూపుతాడు. ఒకరి బంధుత్వాలను ప్రశ్నించడం మన మర్యాద కాదు.

బండి నంబరు చూస్తే నాగాలాండో, అరుణాచల్ ప్రదేశో. అక్కడ పన్ను తక్కువని గిట్టనివాళ్లు అంటారు. ఆడపిల్లకు పుట్టినిల్లు దగ్గరగా ఉండాలి గానీ, బస్సుకు ఎంత దూరమైతే అంత లాభమని నేను గ్రహించాను.

సంక్రాంతికి ఛార్జీ రెండింతలో మూడింతలో అవుతుంది. చుట్టాలన్నాక కట్నకానుకలు తప్పుతాయా? కొరడా ఝుళిపిస్తామని ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది. ఆ కొరడా కనుమ వెళ్లగానే గంగిరెద్దులవాళ్ల వెంట వెళ్లిపోతుంది. పండగకు సరిపడా బస్సులు ఆర్టీసీ దగ్గరా లేవు మరి.

ఈ నాటకమెందుకు, తాతగారి పర్మిటే మళ్లీ ఇచ్చేయరాదా అని అమాయకులు అడుగుతారు. ఇస్తే వేళకు బయలుదేరాలి, ప్రభుత్వం నిర్ణయించిన ఛార్జీయే తీసుకోవాలి. తాతకు వరమైనది మనవడికి శాపమవుతుంది. కోరి ఎవరు తెచ్చుకుంటారు?

పదకొండున్నరకు మా బృందం కదిలింది. నా బెర్తులో అప్పటికే ఒకాయన ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. లేపబోతే క్లీనరు నా చెయ్యి పట్టుకున్నాడు.

“సర్దుకోండి సార్, మనవాళ్లే.”