చిన్న బడి కావలెను, ఫీజు మాత్రం పెద్దదై ఉండవలెను

ముందే ఒక మాట చెప్పేస్తున్నా, మా బాబుని మామూలు స్కూల్లో వేసే ప్రసక్తే లేదు. మామూలు స్కూలంటే తెలుసు కదా, క్లాసుకి యాభై మంది, మెడకి టై, నడుముకి బెల్టు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషను. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్నంత మాత్రాన మాకు బాల్య వికాసం గురించి ఏమీ తెలీదనుకోకండి, మాక్కూడా నెట్ వస్తుంది. పిల్లలు బట్టీ పట్టకుండా చేతులతో చేస్తూ నేర్చుకునే మాంటిస్సోరి, వాల్డార్ఫ్ పద్ధతుల బళ్ళు రెండూ చూశాం, రీల్స్‌లోనే అనుకోండి, కానీ చూశాం.

మాకు కావాల్సిందల్లా ఒక చిన్న బడి. పిల్లలు పదిహేను మందికి మించకూడదు, ఆరేళ్ళోడూ తొమ్మిదేళ్ళోడూ ఒకే గదిలో కూచుని ఒకడి దగ్గర ఒకడు నేర్చుకోవాలి, బెంచీలు పనికిరావు చాప మీదే కూచోవాలి, ర్యాంకులు ఉండకూడదు, బయట ఒక చెట్టు ఉండాలి వీలైతే ఒక మేక కూడా, టీచరుకి పిల్లాడి పేరే కాదు వాడి మామ్మ పేరు కూడా తెలిసుండాలి.

ఇదంతా మా మేనత్తకి చెప్తే ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ తలెత్తకుండానే అంది, "అలాటి బడి మా ఊర్లో ఉండీది కదరా నానా, పిల్ల గుంటలు తక్కువున్నారని పక్కూరి బళ్ళో కలిపీసినారు."

అత్తా, అది వేరు ఇది వేరు అన్నాను. "ఏటి వేరు?" అంది. చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ తేడా ఏంటో శాస్త్రీయంగా వివరించాల్సిన బాధ్యత నా మీద పడింది.

మొదట పిల్లల సంఖ్య తీసుకోండి. పల్లెలో సర్కారు బడికి పన్నెండు మంది వస్తుంటే అది నష్టాల్లో ఉన్న బడి, ఫైలు కదుల్తుంది, తాళం పడుతుంది. అదే పన్నెండు మంది సిటీ పక్కన తోటలో కూచుంటే సీట్లు ఫుల్, వెయిటింగ్ లిస్టు. ఇక అన్ని వయసులవాళ్ళూ ఒకే గదిలో అన్నది, ఫీజు లేనిచోట "ఐదు తరగతులకు ఒక్కడే మాస్టారు" అని పేపర్లో ఫొటోతో సహా పడుతుంది, ఫీజు ఉన్నచోట అదే బ్రోషర్లో మొదటి పేజీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది దాకా పిల్లలున్న ప్రైమరీ బడికి ఇద్దరు టీచర్లుంటే చాలు, అంటే ఐదు తరగతుల్ని ఇద్దరు పంచుకోవాల్సిందే, మన పార్లమెంటుకి ఇంత ముందుచూపు ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

చీపురు సంగతి ఇంకా విచిత్రం. సర్కారు బళ్ళో పిల్లాడు చీపురు పట్టుకుంటే ఎవడో వీడియో తీస్తాడు, సాయంత్రానికి మాస్టారికి నోటీసు. మేం చూసొచ్చిన తోట స్కూల్లో పిల్లలు గది ఊడ్చి, గిన్నెలు కడిగి, బట్టలు మడతపెట్టి మొక్కలకి నీళ్ళు పోస్తుంటే పక్కన నిలబడ్డ తల్లిదండ్రుల కళ్ళు చెమర్చాయి, ఇంట్లో అదే పిల్లాడు తాగిన గ్లాసు తీయడు.

పరీక్షలు కూడా అంతే. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపొద్దని అదే చట్టం అంటే ఊరూవాడా తిట్టాం, ఫెయిల్ చేయని చదువూ ఒక చదువేనా, బళ్ళు నాశనం అయిపోయాయి అని, చివరికి 2019లో సవరించి కావాలంటే ఆపుకోండి అని రాష్ట్రాలకి వదిలేశారు. ఇప్పుడు ఆ తిట్టినవాళ్ళమే పరీక్షలు లేని స్కూలు ఎక్కడుందా అని కార్లో పెట్రోలు పోయించుకుని తిరుగుతున్నాం.

నిజం చెప్పొద్దూ, సర్కారు బళ్ళో ఉన్న ఆ ఒక్క మాస్టారు ఓటరు లిస్టుల డ్యూటీకి పోతే ఆ రోజు పిల్లలకి మిగిలేది చెట్టూ మేకా మాత్రమే. అదే తోట స్కూల్లో టీచరు కనిపించకపోతే పిల్లలు స్వయంగా అన్వేషిస్తున్నారండీ అంటారు.

చరిత్ర తవ్వితే ఇంకా ఇబ్బంది. మాంటిస్సోరి గారు 1907లో రోమ్‌లో మొదటి బడి పెట్టింది శాన్ లొరెంజో అనే పేదల పేటలో, తల్లీ తండ్రీ పనికి పోతే మెట్ల మీద అల్లరి చేసే పిల్లల కోసం. వాల్డార్ఫ్ బడి 1919లో జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో మొదలైంది సిగరెట్ ఫ్యాక్టరీ కూలీల పిల్లలకి. మదనపల్లి దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్ళు కూడా చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బళ్ళు పెట్టి, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ కార్డులు పట్టుకుని ఎవరి స్పీడులో వాళ్ళు నేర్చుకునే పద్ధతి కనిపెట్టారు, దాన్ని చూసే తమిళనాడు సర్కారు బళ్ళలో అలాంటిది తెచ్చారు. ఇదంతా మా పేరెంట్స్ గ్రూపులో పెడితే ఒకాయన "నెగెటివ్ పోస్టులు వద్దు సార్" అన్నాడు, నలుగురు బొటనవేలు చూపించారు.

అంత దూరం ఎందుకు, మా పర్లాకిమిడిలోనే రాజావారి స్కూల్లో మాస్టారుగా చేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర భాష నేర్చుకోవాలి అనుకున్నారు, నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బు పెట్టి బళ్ళు నడిపారు. మేం చూసిన స్కూలు గోడ నిండా సవర బొమ్మలే, ఎంత బాగున్నాయో, లోపల సవర పిల్లాడు ఒక్కడూ లేడు. మాతృభాషలో బోధన అని బోర్డు మీద ఉంది కదా అని మా ఆవిడ అడిగింది, మా ఇంట్లో తెలుగండీ వీధిలో ఒడియా అని. అక్కడి మేడమ్ ఎంతో ప్రేమగా, "పర్లేదండీ, త్వరగానే సర్దుకుంటాడు" అంది, ఇంగ్లీషులో.

తర్వాత పిల్లాడికి కాదు మాకు ఇంటర్వ్యూ. మీ చిన్ననాటి గాయాలేంటి అని అడిగారు. మోకాలు చూపించబోయాను, మా ఆవిడ కాలు తొక్కింది. ఫీజు సంగతి రాయను, రాస్తే మా తోడల్లుడు చదివి ఇంకా ఖరీదైనది వెతుకుతాడు.

అందుకని ఒడిశా ప్రభుత్వం వారికి నా వినయపూర్వక సలహా ఏంటంటే, చిన్న బళ్ళు మూసి పక్కూరికి కలపక్కర్లేదు, పిల్లలు రావాలంటే ఉచితం అన్నమాట తీసేసి ఏడాదికి లక్ష అని గేటు మీద రాయండి, అడ్మిషన్లు పరిమితం అని కింద ఇంకో ముక్క, చాలు. ఆంధ్రాలోని పాతపట్నం నుంచి మహేంద్రతనయ నది దాటి మరీ వస్తారు జనం, ఆఫీసర్ల పిల్లలు క్యూలో ఉంటారు, ఆఫీసర్ల పిల్లలుంటే మాస్టార్ని ఓటరు లిస్టులకి పంపే ధైర్యం ఎవడికి ఉంటుంది?

ఈ ప్లాను మా అత్తావాళ్ళ ఊరి పాత హెడ్మాస్టారికి ఫోన్ చేసి వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "బాగుంది బాబూ, మరి మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంచాలా తీసీమంటారా?" అని అడిగారు.

ఉంచండి మాస్టారూ, కాకపోతే నాటుకోడిది అని రాయండి అన్నాను.