పక్క సీటు నుంచి వచ్చే మాట

పైలట్ నైపుణ్యాన్ని తేల్చే పరీక్ష అయిన చెక్ రైడ్‌కు వెళ్లేవాళ్లలో చాలామంది పరీక్ష హాల్లోకి అడుగు పెడుతున్నట్టే వెళ్తారు. పక్కవాళ్లు చెబితే తప్పు, మనం అడిగితే చిన్నతనం అన్న భావన. ఇది ప్రమాదకరమైన అలవాటు. కాక్‌పిట్‌లో రెండో సీటు ఉన్నదే ఒకరి కన్ను తప్పినది మరొకరి కంట పడాలని.

సిమ్యులేటర్‌లో టేకాఫ్ పరుగు వి-1 వేగం దాటగానే పరీక్షకులు ఒక ఇంజిన్ ఆపేస్తారు. ఇక ఆగే వీలుండదు, ఎగరాల్సిందే. నడిపే పైలట్ ధ్యాసంతా విమానం పక్కకు తిరగకుండా చూసే తోక పలక రడ్డర్ మీద, విమానం ముక్కు మీద ఉంటుంది. వేగం, ఎత్తు చూసి చెప్పడం, రేడియోలో మాట్లాడటం, చెక్‌లిస్ట్ చదవడం రెండో పైలట్ పని. అన్నిటికంటే ముఖ్యం, ఆపబోయేది పాడైన ఇంజినేనా అని ఇద్దరూ చూసుకోవడం. 2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్‌ఏషియా 235 విమానం టేకాఫ్ అయిన కాసేపటికే ఒక ఇంజిన్ శక్తి కోల్పోతే, కెప్టెన్ బాగున్న ఇంజిన్‌ను తగ్గించి ఆపేశారు. 58 మందిలో 43 మంది చనిపోయారు.

అలాగని కో-పైలట్ ప్రతి అడుగూ అందించకూడదు. అప్పుడు కెప్టెన్‌కు ఏం తెలుసో పరీక్షకులకు అర్థం కాదు. గీత ఎక్కడంటే, 'వేగం పడిపోతోంది' అని చెప్పడం బాధ్యత. ఏం చేయాలో తేల్చుకోవాల్సింది నడిపేవారు. స్పందన లేకపోతే మళ్లీ, ఇంకా గట్టిగా చెప్పాలి. అప్పటికీ కదలిక లేకపోతే కంట్రోల్ అందుకోవాలి. కొన్నిసార్లు జోడీ కుదరక కుడి సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. అడిగింది తప్ప చేయరు, చూసింది చెప్పరు. అలా నోరు కట్టుకున్న సహచరుడితో జరిగే పరీక్ష ఏ నిజమైన ప్రయాణాన్నీ పోలదు.

1978లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 విమానం ఇంధనం అయిపోయి కూలింది. ఇంధనం తగ్గుతోందని సిబ్బంది అన్నారు కానీ ఆ మాట కెప్టెన్‌ను కదిలించేంత గట్టిగా రాలేదు. పది మంది చనిపోయారు. ఆ తర్వాతే సిబ్బంది సమన్వయ శిక్షణ ఊపందుకుంది. 1989లో అదే సంస్థ 232 విమానం, దాన్ని తిప్పే భాగాలను కదిలించే హైడ్రాలిక్స్‌ను మొత్తం కోల్పోయింది. ప్రయాణికుడిగా వచ్చిన శిక్షణ పైలట్ డెనీ ఫిచ్‌ను కెప్టెన్ అల్ హేన్స్ కాక్‌పిట్‌లోకి రానిచ్చి, ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్స్ అప్పగించారు. 184 మంది బతికారు.

సాయం అందుకోవడం ఆయనకు నామోషీ అనిపించలేదు. మరి మన పరీక్షల్లో దానికి విలువ ఎందుకివ్వకూడదు? సిమ్యులేటర్ ఆగాక ఇద్దరినీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: మీకు అనుమానం ఎప్పుడొచ్చింది, ఎంతసేపటికి బయటికి చెప్పారు?