వెనక సీట్లో బకెట్

పోయిన వారం బీచ్ రోడ్డు మీద నా స్కూటర్ ఆపారు. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరి పదకొండు రోజులైందట. పక్కనున్న వ్యాన్‌లోంచి ఓ కుర్రాడు దిగి, సైలెన్సర్‌లో గొట్టం దూర్చి "రేజ్ చెయ్యండి సార్" అన్నాడు. చేశాను. స్కూటర్ దగ్గింది, నేనూ దగ్గాను. వాడు స్క్రీన్ మీద అంకె చూసి పెదవి విరిచాడు. ఏం చెయ్యాలో తోచక సముద్రం వైపు చూశాను. దూరంగా లంగరేసిన ఓడలు నాలుగు, తాపీగా పొగ వదులుతున్నాయి. వాటి గొట్టంలో ఎవడూ ఏమీ దూర్చడం లేదు.

అలాగని ఓడలకి రూల్స్ లేవంటే కళ్లు పోతాయి. లండన్‌లో థేమ్స్ ఒడ్డున అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఉంది. దాని గుమ్మంలో పెద్ద కంచు ఓడ ముక్కు ఒకటి నిలబెట్టారు. బొత్తిగా పొగ వదలని ఓడ నాకు తెలిసి అదొక్కటే. ఓడల పొగ మీద ఈ సంస్థ 1997లో నిబంధనలు రాసింది, అవి అమల్లోకి వచ్చేసరికి 2005 అయింది. ఇంధనంలో గంధకాన్ని నూటికి మూడున్నర పాళ్ల నుంచి అర పాలుకి దించేసరికి 2020 వచ్చింది. అదే ఏడాది మన బండ్ల పొగకి బీఎస్-6 రూల్ వచ్చింది. నా స్కూటర్ తాగే పెట్రోల్లో గంధకం పది లక్షల పాళ్లకి 10 దాటకూడదు. ఓడ తాగేదాంట్లో 5,000 దాకా ఉండొచ్చు. పాపం, పెద్ద ప్రాణం కదా.

ఆ అర పాలు రూల్ వల్ల ఓడల పొగలో గంధకం బాగా తగ్గిన మాట నిజమే. కానీ ముందు తలుపుకి తాళమేసిన వాళ్లే పెరటి తలుపు తీసి పెట్టారు. వేడి చేస్తే గానీ కదలని ఆ తారులాంటి పాత చవక నూనెనే కాల్చుకోవచ్చు, పొగ గొట్టానికి స్క్రబ్బర్ ఒకటి బిగించుకుంటే చాలు. అది సముద్రపు నీళ్లు తోడి, పొగ మీద చల్లి, గంధకం కడిగేస్తుంది. మరి కడిగిన నీళ్లో? 'ఓపెన్ లూప్' రకమైతే తిరిగి సముద్రంలోకే. ఓపెన్ లూప్ అంటే ఏదో అనుకునేరు. తూము.

ఇంత గొప్ప టెక్నాలజీ నా స్కూటర్‌కి ఎందుకు లేదా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సైలెన్సర్‌కి ఒక రబ్బరు గొట్టం, దాని కొస ఓ ప్లాస్టిక్ బకెట్‌లో. వెనక సీట్లో ఆ బకెట్ ఒళ్లో పెట్టుకుని మా బావమరిది. పొగ బుడబుడమంటూ నీళ్లలోంచి పైకొస్తుంది, స్నానం చేసిన పిల్లాడిలా. సిగ్నల్ పడ్డప్పుడల్లా వాడు దిగి, ఆ నల్లనీళ్లు ఎవరి ముగ్గు మీదో గుమ్మరించి, వాళ్ల కుళాయి దగ్గరే బకెట్ నింపుకొస్తాడు.

"ఏంటయ్యా ఇది?" అంటాడు కానిస్టేబుల్.

"స్క్రబ్బర్ సార్."

"ఆ నీళ్లు వాళ్ల వాకిట్లో పోస్తావేంటి?"

"ఓపెన్ లూప్ సార్. రూల్ ప్రకారం మంచి పెట్రోల్ పోయించుకున్నదానికి ఇది సమానం."

"నంబర్ ప్లేట్ ఎక్కడిది?"

"మంగోలియా సార్."

మంగోలియాకి సముద్రం లేదు. ఓడల రిజిస్ట్రీ మాత్రం ఉంది, ఆఫీసు సింగపూర్‌లో. నాగాలాండ్ ప్లేటు తగిలించుకుని మన ఊళ్ల మధ్య తిరిగే స్లీపర్ బస్సులు ఎక్కినవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఓడ ఎక్కడ రిజిస్టరైతే ఆ దేశం జెండా ఎగరేస్తుంది. టన్నుల లెక్కన ప్రపంచంలో మొదటి మూడు జెండాలు లైబీరియా, పనామా, మార్షల్ దీవులవి. లండన్ సంస్థకి దేశాలు కట్టే చందా కూడా ఎక్కువగా టన్నుల లెక్కనే. అందుకని నా ఊహలో కానిస్టేబుల్ నాకు సెల్యూట్ కొట్టి, బావమరిదికి ఇంకాస్త పెద్ద బకెట్ ఇచ్చి పంపిస్తాడు.

ఆ బకెట్‌లో ఏముందో మాత్రం అందరికీ తెలుసు. ఆమ్లం, నికెల్, వెనేడియం, నూనె కాలితే పుట్టే క్యాన్సర్ కారకాలు. తెలుసు కాబట్టే సింగపూర్ 2020 నుంచి తన రేవులో ఆ నీళ్లు వదలొద్దంది. డెన్మార్క్ 2025 జులై నుంచి తన తీరంలో వద్దంది. ఎవరి వాకిలి వాళ్లు కాపాడుకున్నారు. మిగతా సముద్రం ఎవడబ్బ సొత్తు? తెల్లవారుజామున మా ఊరి జాలరిపేట నుంచి బోటెక్కే మనిషిని ఒక్కడు అడిగాడా? గాలిలోని విషం తీసి నీళ్లలో కలిపి, దానికి 'సమానం' అని సంతకం పెట్టడానికి చెయ్యెలా వచ్చింది? చవక నూనె మిగిల్చిన డాలర్లు ఓడ యజమాని జేబులోకి, బకెట్ మాత్రం ఆ జాలరి చేపల్లోకి. ఇది రూలా, దొంగతనమా?

ఓడల కార్బన్‌కి ధర కట్టే ఒప్పందాన్ని ఇదే సంస్థ 2025 ఏప్రిల్‌లో 63-16 ఓట్లతో ఒప్పుకుంది. అక్టోబర్‌లో ఖరారు చెయ్యాల్సి ఉండగా టారిఫ్‌లు వేస్తాం, వీసాలు ఆపుతామని అమెరికా గుడ్లురిమింది. సౌదీ అరేబియా వాయిదా అడిగింది. 57-49తో ఏడాది వాయిదా పడింది. నేను పదకొండు రోజులు అడిగితే ఇవ్వలేదు.

ఇదంతా ఆ రోజు రోడ్డు పక్కనే కానిస్టేబుల్‌గారికి మొదలుపెట్టాను. స్క్రబ్బర్ దాకా ఓపిగ్గానే విన్నాడు.

"ఓడలు మా లిమిట్స్‌లోకి రావు సార్," అన్నాడు నంబర్ ప్లేట్ ఫొటో తీసుకుంటూ. జేబులో నా ఫోన్ టింగుమంది. చలానా.