చెక్కులు తొక్కిన చోటికి చెక్కు పంపేముందు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సంక్రాంతి ఈవెంట్ అయిపోయి నెల దాటింది, అయినా ఆ రోజు మైకు లాక్కున్నది ఇంకా మనసులోంచి పోవట్లా. మరీ లాక్కోలేదులెండి, యాంకరమ్మాయి నవ్వుతూనే "అంకుల్, డాన్స్ పిల్లలు మేకప్ వేసుకుని వెయిటింగ్" అంది. మా ఊరి పాత పొగాకు గోడౌన్ చూడకుండా కూల్చొద్దని చెప్పడానికి నాకిచ్చిన 2 నిమిషాల్లో అప్పటికి సగం కూడా కాలా. దాతలకి శాలువాలు కప్పడానికి మాత్రం ముప్పావుగంట పట్టింది, అందులో ఒకటి నాకూ కప్పారు, కాబట్టి నేనేమీ శుద్ధపూసని కాదు.

సంగతి మీకు తెలిసిందే. టంగుటూరు నుంచి కొండపి పోయే రోడ్డు పక్కన మా ఊళ్లో పాత పొగాకు గోడౌన్ ఉంది కదా, దాన్ని పడగొట్టి ఏసీ కల్యాణ మండపం కడతారంట, మన సంఘం డబ్బు పంపాలంట. స్లైడు వేశారు, బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, ముందు ఆర్చి, ఆర్చి మీద మన పేర్లు. ఆ స్లైడు పక్కనే స్టేజీ మీద డెకరేషన్ టీమ్ థర్మాకోల్‌తో చేసిన బావి, పూరిపాక. అందరం అక్కడ ఫొటోలు దిగాం.

ఆ గోడౌన్లో మా అమ్మ 11 సీజన్లు గ్రేడింగ్‌కి పోయింది. ఇక్కడ పుట్టిన పిల్లల కోసం చెప్తున్నా, బ్యారన్లో, అంటే పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టంలో, కాల్చి పసుపు రంగు తెప్పించిన ఆకుని ఆడవాళ్లు గోతాలు పరుచుకుని బారుగా కూర్చుని ఒక్కొక్కటే విప్పి చూసి, నిమ్మపండు రంగుది ఒక పక్క, నారింజది ఒక పక్క, మచ్చపడింది, పచ్చ మిగిలింది వేరే పక్క వేస్తారు, మగవాళ్లు దాన్ని చెక్కులు తొక్కుతారు, అంటే అదిమి బేళ్లు కడతారు. నేరుగా ఎండ పడితే ఆకు రంగు తప్పు కనపడుద్ది, అందుకే ఉత్తరం గోడకి అంత ఎత్తున వరస కిటికీలు. హాలు మధ్యలో ఒక్క స్తంభం లేదు, పైన టేకు దూలాలు, పెంకులు.

సాయంత్రం అమ్మ ఇంటికొస్తే చేతులకి నల్లటి జిగురు, సబ్బుకి పోయేది కాదు. ఆ చేత్తో అన్నం కలిపితే చేదు. అందుకని మాకు చెంచాతో కలిపి చెంచాతోనే పెట్టేది. ఊళ్లో ఎవరింట్లోనూ చెంచాతో తినే పిల్లలు లేరు, మమ్మల్ని దొరబాబులు అని ఏడిపించేవాళ్లు. మాకేమో అది గొప్పగా ఉండేది. ఎందుకు చెంచానో నాకు అర్థమయ్యేసరికి నేను ఒంగోల్లో ఇంటర్ చదువుతున్నా.

ఇప్పుడు ఇక్కడ నార్త్ కరోలినాలో మన డర్హమ్ సంగతి. లక్కీ స్ట్రైక్ సిగరెట్లు చేసిన ఫ్యాక్టరీ 1987లో మూతపడింది, 2004లో అదే ఇటుక గోడల్లో ఆఫీసులు, రెస్టారెంట్లు తెరిచారు, పొగగొట్టం తియ్యలేదు, నీళ్ల ట్యాంకు మీద ఆ సిగరెట్టు పేరు కూడా తియ్యలేదు. బేస్‌బాల్ చూడ్డానికి పోయి మనందరం తిరిగే చోటే. ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే అక్కడ నిలబెట్టి ఫొటో తీస్తాం. మా అమ్మ వచ్చినప్పుడు ఆ గోడ తడిమి చూసి "ఈడ గూడా గ్రేడింగేనా?" అనడిగింది. నిజానికి ఆకు రంగు తిరగడమనేదే ఇక్కడి కథ. డర్హమ్‌కి వాయవ్యాన క్యాస్వెల్ కౌంటీలో 1839లో స్టీఫెన్ అనే బానిస బ్యారన్ దగ్గర కునుకు తీసి, మంట ఆరిపోతుందని గబగబా బొగ్గులు వేస్తే ఆకు బంగారంలా మారిందని చెప్పుకుంటారు. ఆ రకం కాల్చుడే సముద్రాలు దాటి మన నల్లరేగడి దాకా వచ్చింది.

అట్టాగని డర్హమ్‌ని నెత్తిన పెట్టుకోమని అనట్లా. ఆ ఊరి ఫ్యాక్టరీల్లో ఆకు ఈనెలు తీసిన నల్లజాతి ఆడవాళ్ల మనవరాళ్లకి ఆ రెస్టారెంట్లలో కూర్చుని తినే స్తోమత ఎంతమందికి ఉంటుందో మీరే ఆలోచించండి. గోడలు నిలబెట్టినంత మాత్రాన అయిపోదు.

మండపం కావాలనేవాళ్లదీ తప్పు కాదు. ఫంక్షన్ హాల్ కోసం ఒంగోలు పోవాలి, అద్దె చూస్తే గుండె ఆగుద్ది, లేనివాళ్లు రోడ్డు మీద షామియానా వేసి వాన రాకూడదని మొక్కుకోవాలి. కానీ స్తంభం లేని అంత హాలు చేతిలో పెట్టుకుని కూలగొట్టడం దేనికి? ముహూర్తాల రోజు పెళ్లి చేసుకోండి, మూఢంలో తాళం వేసే బదులు డీఎస్సీకి చదివే పిల్లల్ని కూర్చోబెట్టండి, కుట్టుమిషన్లు పెట్టండి, కంటి పరీక్షల క్యాంపు పెట్టండి.

పని తేలికని కూడా అనను. వెనక సగానికి తర్వాత వేసిన ఆస్బెస్టాస్ రేకులున్నాయి, వాటిని సుత్తితో పగలగొడితే ఆ దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు పోతాయి, తడిపి పగలకుండా దించాలి. గోడలు సున్నంతో కట్టినవి, నున్నగా ఉంటుందని సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పెచ్చులూడుద్ది. దూలాలకి చెద ఉందో లేదో తెలిసిన ఇంజనీరు ఎక్కి చూడాలి. ఇవన్నీ చూశాక పనికిరాదంటే అప్పుడు కూల్చండి, నేనే మొదటి డబ్బు ఇస్తా. చూడకుండా మాత్రం చెక్కు రాయొద్దండి, దణ్ణం పెడతా.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి చెప్పా. నా వైపు మాట్లాడుద్దనుకుంటే "కూలిస్తే పీడా పోయింది, నాకొచ్చే ఈ దగ్గు అంతా దాంట్లోదేగా" అంది. నోరు పెగల్లా. కాసేపటికి తనే అడిగింది: "మా రోజుల్లో ఆడోళ్లం కట్ట అవతలకి పొయ్యేవాళ్లం అబ్బయ్యా, అంత పెద్ద కొట్టు కట్టినోళ్లు ఓ మరుగుదొడ్డి కట్టలా. మీరు బాగుచేసేటట్టయితే ముందు అది కట్టిస్తారా?"

కట్టిస్తామనే చెప్పా, సంఘాన్ని అడక్కుండానే. ఈసారి సంఘం కార్యవర్గం (ఈసీ) మీటింగ్‌లో దీన్ని మొదట పెట్టండి, డాన్సుల లిస్టు తర్వాత చూసుకోవచ్చు.