గ్యారీ నెవిల్ బెక్‌హామ్ నీడ కాదు

"నెవిల్ మామూలు ఆటగాడు. పక్కన బెక్‌హామ్ ఉండబట్టి నెట్టుకొచ్చాడు. వాలెన్సియాలో కోచ్‌గా బోర్లాపడి, వేరే దారిలేక టీవీలో కూర్చుని అందరికీ పాఠాలు చెబుతున్నాడు." మాంచెస్టర్ యునైటెడ్‌కు, ఇంగ్లండ్‌కు రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు డిఫెండర్‌గా ఆడిన గ్యారీ నెవిల్ గురించి ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఏళ్లుగా తిరుగుతున్న మాట ఇది. ఇందులో నిజం ఒక్కటే, స్పెయిన్ క్లబ్ వాలెన్సియాలో వైఫల్యం. ఆ ఒక్క నిజాన్ని చూపించి మిగతా రెండు అబద్ధాలనూ నమ్మిస్తున్నారు.

ముందు బెక్‌హామ్ సంగతి. 1996 జూన్ 15న వెంబ్లీలో, యూరో కప్‌లో స్కాట్లాండ్ మీద ఇంగ్లండ్ ఆటగాడు షియరర్ తలతో కొట్టిన గోల్‌కు క్రాస్ (పక్కనుంచి గోల్ ముందుకు కొట్టే పాస్) అందించింది నెవిలే. అప్పటికి బెక్‌హామ్ ఇంగ్లండ్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2003లో అతను రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా తోటి ఆటగాళ్లు ఓటేసి ఎంచుకునే ప్రీమియర్ లీగ్ ఏటి మేటి జట్టులో 2004-05లో, మళ్లీ 2006-07లో నెవిల్‌కు చోటు దక్కింది. 2005లో అప్పటి కెప్టెన్ రాయ్ కీన్ వెళ్లాక యునైటెడ్ కెప్టెన్సీ వచ్చిందీ అతనికే.

ఇద్దరూ కలిసి ఆడిన రోజుల్లో ఎవరు ఎవరికి ఆసరా అన్నది కూడా చూడాలి. నెవిల్‌కు ముందు కుడి అంచున ఆడే బెక్‌హామ్ వేగంతో మనిషిని దాటేసే వింగర్ కాడు. బంతిని సర్దుకుని కుడికాలితో కొట్టడానికి గజం జాగా దొరికితే అతనికి చాలు. నెవిల్ వెనకనుంచి వచ్చి అతనికీ టచ్‌లైన్‌కీ (మైదానం పక్క గీతకీ) మధ్యగా దూసుకెళ్లేవాడు. ఎదుటి లెఫ్ట్ బ్యాక్ నెవిల్ వెంట పడితే బెక్‌హామ్‌కు ఆ జాగా దొరుకుతుంది. కదలకుండా ఉంటే నెవిల్ గోల్‌లైన్ దాకా వెళ్లిపోతాడు. ఈ పరుగుల్లో చాలావాటికి బంతి రాదు, కాబట్టి చూసేవాళ్ల కంటికి ఆనవు. మధ్యలో బంతి పోయిందా, అంతదూరమూ వెనక్కి రావలసిందీ అతనే. రావడం ఆలస్యమైతే మధ్యలో ఉండే డిఫెండర్, సెంటర్ బ్యాక్, పక్కకు జరగాలి, అప్పుడు గోల్ ముందున్న బాక్స్ నడుమ ఖాళీ పడుతుంది. యునైటెడ్‌కు 602 మ్యాచ్‌ల్లో 7 గోల్సే కదా అంటారు. రైట్ బ్యాక్‌ను గోల్స్‌తో తూచడం వికెట్ కీపర్‌ను బౌలింగ్ సగటుతో తూచడమే.

ఇక "వేరే దారిలేక టీవీ". తేదీలు చూస్తే చాలు. నెవిల్ ఆట మానింది 2011 ఫిబ్రవరిలో, స్కై స్పోర్ట్స్ టీవీలో విశ్లేషకుడిగా చేరింది ఆ ఏడాదే. వాలెన్సియా పగ్గాలు పట్టింది 2015 డిసెంబరులో.

అక్కడ ఓడిపోయాడు, అందులో సందేహం లేదు. 28 మ్యాచ్‌ల్లో 10 గెలుపులు, లీగ్‌లో అయితే 16లో మూడే. స్పెయిన్ కప్ సెమీఫైనల్లో బార్సిలోనా చేతిలో 7-0. 2016 మార్చి 30న తొలగించారు. అంతకుముందు ఏ క్లబ్‌కూ ప్రధాన కోచ్‌గా పనిచేసిన అనుభవం లేదు, స్పానిష్ ధారాళంగా రాదు, పైగా సీజన్ మధ్యలో దిగాడు. ఇవి తెలిసీ ఒప్పుకోవడం పూర్తిగా అతని తప్పే.

అయితే కోచ్ పని వేరు, విశ్లేషకుడి పని వేరు. రాబోయే మ్యాచ్‌కు పదకొండు మందిని సిద్ధం చేసి, తన పద్ధతిని వాళ్ల చేత నమ్మించాలి కోచ్. విశ్లేషకుడు జరిగిపోయిన గోల్‌ను వెనక్కి తిప్పి, బంతి రాకముందు డిఫెండర్ భుజం ఎటు తిరిగి ఉంది, వెనక మనిషిని చూసుకున్నాడా, పక్కవాడికి ఎంత దూరంలో నిలబడ్డాడు అన్నవి చూపించాలి. స్కైలో సోమవారం రాత్రి కార్యక్రమంలో నెవిల్ తెర మీద దృశ్యాన్ని ఆపి చేసింది అదే. క్లబ్ యజమానుల మీద అతని అభిప్రాయాలతో ఎంతైనా విభేదించవచ్చు. డిఫెండర్ ఎక్కడ నిలబడి ఉండాలో అతను చెప్పినది తప్పనిపిస్తే మాత్రం, ఆ దృశ్యంలోనే తప్పు చూపించాలి. దానికి వాలెన్సియా స్కోర్లు జవాబు కావు.