చార్జింగ్ వాలెట్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ చార్జింగ్ యాప్ వాలెట్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. నిన్న మీ దగ్గరికి వచ్చేటప్పటికి నా ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ 9 శాతం దగ్గర క్షేమం. అక్కడ మీ కడుపులో నా డబ్బులు కూడా క్షేమంగానే ఉంటాయని తలుస్తాను. ఉండక ఎక్కడికి పోతాయి లెండి, బయటికి దారే లేదుగా.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకి మీ దర్శనానికి వచ్చాను. మ్యాపులో మీ చార్జర్ పచ్చగా మెరిసిపోతోంది. ‘అందుబాటులో ఉంది’ అని రాసి ఉంది. అబద్ధం కాదు, అందుబాటులోనే ఉంది. కాకపోతే దాని ముందు ఎవరిదో డీజిల్ కారు అడ్డంగా ఉంది. ఆ మహానుభావుణ్ణి వెతికి, బతిమాలి, బండి తీయించేసరికి ఇరవై నిమిషాలు. అది మీ తప్పు కాదు కనక వదిలేస్తున్నాను.

మీ క్యూఆర్ కోడ్ స్టిక్కర్ ఎండకి వెలిసిపోయింది. ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. ఎడమచేత్తో ఆ మూలని అదిమిపెట్టి, తలకాయ నీడ దాని మీద పడేలా వంగి, కుడిచేత్తో ఫోను పట్టుకుంటే నాలుగోసారికి స్కాన్ అయింది. యాప్ వేసుకోమంది. వేసుకున్నాను. నా ఫోనులో ఇది ఏడో చార్జింగ్ యాప్. పేరు అడిగింది, ఈమెయిల్ అడిగింది, కారు నంబరు అడిగింది, మోడల్ అడిగింది. పుట్టుమచ్చలు మాత్రం అడగలేదు. ఓటీపీలు కాసేపు రాలేదు, తర్వాత మూడూ ఒకేసారి వచ్చాయి. ఏది తాజాదో తేల్చుకునేలోపు మూడింటికీ గడువు తీరిపోయింది.

ఈ తంతు అంతా అయ్యాక తమరు ప్రత్యక్షమయ్యారు. ‘వాలెట్‌లో కనీస బ్యాలెన్స్ లేదు. దయచేసి రీచార్జ్ చేయండి.’

కారు చార్జ్ చేసుకుందామని వచ్చినవాడు ముందు మిమ్మల్ని చార్జ్ చేయాలన్నమాట!

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఆవిడ, మొగుడికి చెప్పకుండా, ఆయన చేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి లిగ్రోయిన్ అనే ద్రావకం కొనుక్కుని, బండిలో పోసుకుని వెళ్లిపోయింది. పెట్రోల్ బంకు అనే మాటే పుట్టని రోజులవి. అయినా ఆ షాపులో ఎవరూ ఆవిడతో ‘అమ్మా, ముందు మా దగ్గర ఖాతా తెరిచి కొంత డబ్బు జమ చేయండి, మిగిలింది మళ్లీ ఈ ఊరొచ్చినప్పుడు చూసుకుందాం’ అనలేదు.

సరే, డబ్బు వేశాను. చార్జర్ కేబుల్ చివరుండే గన్ తెచ్చి కారుకి పెట్టాను. టక్కున తాళం పడింది. చార్జర్ లోపల ఫ్యాన్ బుస్సుమని లేచింది, కారులో లైటు వెలిగింది. నా ప్రాణం లేచొచ్చింది. స్టార్ట్ నొక్కాను. ‘ప్రారంభిస్తున్నాం’ అంటూ తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది.

ఈ చక్రం సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. నేను స్టార్ట్ నొక్కితే ఆ మాట రెండడుగుల దూరంలో ఉన్న చార్జర్‌కి నేరుగా వెళ్లదు. ముందు కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. ఆ సర్వర్ వాలెట్ గారిని సంప్రదిస్తుంది. తమరు సరేనంటే అప్పుడు కబురు మళ్లీ వెనక్కొచ్చి, చార్జర్ కడుపులో ఉన్న సిమ్ కార్డుకి చేరాలి. అక్కడ సిగ్నల్ ఒక గీత తగ్గితే కథ కంచికే. కరెంటు ఉంది, కారు సిద్ధం, గన్ సిద్ధం, డబ్బు కట్టేశాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. రెండు నిమిషాలు తిరిగి తిరిగి, ‘సెషన్ ఫెయిల్డ్’ అంది. కారుకి ఎక్కింది 0.03 యూనిట్లు. బిల్లు మాత్రం తడుముకోకుండా వచ్చింది. కింద ‘మీ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని కూడా ఉంది.

గన్ ఊడి రాలేదు. కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, పాపం ఆమెనేం అనను. ‘మీ సొమ్ము ఎక్కడికీ పోదు సార్, ఏడు పని దినాల్లో రీఫండ్ వస్తుంది’ అంది. ఎక్కడికమ్మా వచ్చేది అన్నాను. ‘మీ వాలెట్‌లోకే సార్.’

అదిగో, అక్కడ తిక్క రేగింది. ఇప్పటిదాకా గౌరవంగానే రాశాను. ఇక మీదట ‘నువ్వు’ అంటాను. నా డబ్బు తిన్నవాళ్లకి ఇన్ని ‘గారు’లు పెట్టడం నా వల్ల కాదు.

ఒక లెక్క చెప్తాను, విను. నా కారుది 40 యూనిట్ల బ్యాటరీ. 9 నుంచి 80 శాతానికి తేవాలంటే కాగితం మీద 28.4 యూనిట్లు. కాగితం మీదే సుమా. బ్యాటరీ వేడెక్కితే చల్లబరచడానికి కొంత, లోపల వేడిగా ఆవిరయ్యేది కొంత, ఆ పైన పన్ను. కచ్చితంగా ఇంత అవుతుందని ముందే చెప్పగలిగిన మొనగాడు లేడు. గోరంత తక్కువ వేశానా, 61 శాతం దగ్గర టక్కున ఆపేస్తావు. మళ్లీ రీచార్జ్, మళ్లీ ఓటీపీ, మళ్లీ ఆ చక్రం. అందుకని కాస్త ఎక్కువే వేస్తాను. 80 దాటాక సెల్స్ దెబ్బతినకుండా బ్యాటరీ తనే కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది, నత్తనడక మొదలవుతుంది. వెనక ఇంకొకరు కాచుకుని ఉంటారు. బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆపుతాడు. నేనూ ఆపుతాను. ఎంతో కొంత మిగులుతుంది.

ఆ మిగిలింది చూడు, దాని బతుకు! వచ్చేసారి వాడుకుందామంటే కనీస బ్యాలెన్స్ గీతకి కాస్త కింద ఉంటుంది. సెషన్ మొదలే కాదు. మొదలవ్వాలంటే ఇంకొంత వేయాలి. నువ్వు చెప్పిన మొత్తాల్లోనే వేయాలి, నాకు కావలసినంత కాదు. వేస్తే మళ్లీ మిగులుతుంది. సున్నాకి తెచ్చి దండం పెట్టి వెళ్లిపోదామంటే దారి లేదు. వెనక్కి తీసుకుందామంటే ఆ బటన్ యాప్‌లో ఏ మూలా లేదు. డబ్బు వేసే బటన్ మాత్రం ప్రతి పేజీలోనూ ఉంది, పెద్దది, పచ్చది. ఇలా ఏడు యాపుల్లో ఏడు ముక్కలు. ఏ ఒక్కటీ కారుని కదపలేదు. అన్నీ కలిపితే నిన్న ఒక చార్జింగ్ నిక్షేపంగా అయ్యేది. కలపడానికి వీల్లేదట, కంపెనీలు వేరట. నా జేబు మాత్రం ఒకటే కదరా!

వడ్డీ లేని అప్పు అడిగితే తోడబుట్టినవాళ్లు కూడా ముఖం చాటేస్తారు. నీకు మాత్రం నాలాంటివాళ్లంతా అడక్కుండానే ఇస్తున్నారు, నోటు కూడా రాయించుకోకుండా. బ్యాలెన్స్‌కి గడువు ఒకటి! నా డబ్బుకి ఎక్స్‌పైరీ డేటేమిటి? అదేమైనా మందుబిళ్లా?

యూరప్‌లో 2024 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, ఆపై చార్జర్లలో మామూలు బ్యాంకు కార్డు తీసుకునే ఏర్పాటు ఉండాలని చట్టమే చేశారు. కార్డు చూపించు, కారు చార్జ్ చేసుకో, పో. దీనికి చట్టం కావలసి వచ్చిందంటేనే నువ్వెంత గట్టి పిండానివో తెలుస్తోంది.

మిగతావి మాట వరసకి అంటున్నాను. 60 కిలోవాట్లని బోర్డు పెట్టి, పక్క గన్‌కి ఇంకో కారు తగిలించగానే చెరో 30 పంచడం ఏం పద్ధతి? చాడెమో అని జపాన్‌లో పుట్టిన చార్జింగ్ పద్ధతి ఒకటుంది, ‘టీ తాగుతారా’ అన్న మాట స్ఫురించేలా పెట్టిన పేరు. ఈలోపు ఓ టీ తాగి రండి అని. నీ దగ్గర కూర్చోడానికి గట్టు కూడా లేదు. 2022లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో పరిశోధకులు తిరిగి తిరిగి 657 ఫాస్ట్ చార్జింగ్ గన్‌లు పరీక్షిస్తే 72.5 శాతమే పనిచేశాయి. పనిచేయని కారణాల్లో పేమెంట్ ఫెయిలవడం కూడా ఉంది. దాదాపు 5 శాతం చోట్ల కేబులే కారుదాకా అందలేదు. అంటే నువ్వు నా ఒక్కడి పాపానివి కాదు, లోకం మొత్తం చేసుకున్నదానివి.

కారు తాళం మూడుసార్లు వేసి తీస్తే నీ గన్ వదిలింది. 8 శాతంతో, ఏసీ కట్టేసి, రోడ్డుకి అవతల ఉన్న ఇంకో కంపెనీ చార్జర్ దగ్గరికి పాకాను. అక్కడా నాకు వాలెట్ ఉంది. అందులోనూ బ్యాలెన్స్ ఉంది. ఎంతో చెప్పక్కర్లేదు, గీతకి కాస్త కింద.

పక్కన ఒకాయన చార్జింగ్ ముగించి గన్‌ని తిరిగి దాని చోట తగిలిస్తున్నాడు. నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. ‘నాది గీతకి పైనే ఉందండీ, ఈ దారిన నేను మళ్లీ రాను, వాడుకోండి’ అని తన యాప్‌లో నా గన్ స్టార్ట్ చేశాడు. ఫ్యాన్ బుస్సుమంది. ఈసారి అంకె కదిలింది. 9... 10... నిజం చెప్పొద్దూ, ఆ అంకె ఎక్కుతుంటే అప్పటిదాకా తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. చార్జర్ మీద నాకెప్పుడూ కోపం లేదు, నీ మీదే. ఆయన బ్యాలెన్స్ పూర్తిగా అయిపోయేదాకా ఇద్దరం తెర చూస్తూ నిలబడ్డాం. తర్వాత ఆ మొత్తం లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాను. వాలెట్లోంచి డబ్బు బయటికి రావడం నా కళ్లతో చూసింది అదొక్కసారే.

ఇట్లు,
తమరి దగ్గర ఏడు చోట్ల ఇరుక్కుపోయినవాడు

తా.క.: రీఫండ్ వచ్చిందని ఇప్పుడే మెసేజ్ వచ్చింది. ఏడు రోజులన్నది ఒక్కరోజులోనే! పొంగిపోయి యాప్ తెరిచాను. 0.03 యూనిట్లకీ, ఇంకేదో ‘సౌకర్య రుసుము’కీ కోసుకున్నారు. దాంతో మిగిలింది కనీస బ్యాలెన్స్‌కి రవ్వంత తగ్గింది. పక్కనే పచ్చ బటన్.