ఆ ఫైలు హెట్టీది

‘హెట్టీ ఫెదర్’ పుస్తకం పిల్లలకు ఇవ్వడానికి వెనకాడే తల్లిదండ్రులు చెప్పే కారణం ఒక్కటే. అందులోని అనాథ పిల్ల హెట్టీకి పొగరు, పెద్దవాళ్లకు ఎదురు చెబుతుంది, మనవాళ్లూ అదే నేర్చుకుంటారు. నేర్చుకోనివ్వండి. మన బాలల కథల్లో అనాథ పిల్ల ఎప్పుడూ బుద్ధిమంతురాలే. అణిగిమణిగి ఉంటుంది, చివర్లో ఎవరో పుణ్యాత్ములు చేరదీస్తారు. తన తల్లి ఎవరో చెప్పమని నిలదీసిన అనాథ వాటిలో నాకైతే గుర్తు లేదు.

జాక్వెలిన్ విల్సన్ 2009లో రాసిన ఈ నవల చాలామందికి తెలిసిందే. 1876లో పుట్టిన పసికందును తల్లి లండన్‌లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో వదులుతుంది. పేరుకు హాస్పిటల్, నిజానికి అనాథాశ్రమం. కొన్నేళ్లు పల్లెలో పెంపుడు కుటుంబం దగ్గర పెరిగాక పిల్లను వెనక్కి తెచ్చి జుట్టు కత్తిరిస్తారు. సర్కస్‌లో ఎర్రజుట్టు ఆవిడను చూసి ఆమే తన తల్లి అనుకుంటుంది హెట్టీ. 1887లో విక్టోరియా రాణిగారి స్వర్ణోత్సవ సంబరాలప్పుడు హైడ్ పార్క్ నుంచి ఆమె కోసం పారిపోతుంది. తీరా చూస్తే అది విగ్గు. కన్నతల్లి అన్నాళ్లూ ఆ ఆశ్రమం వంటగదిలోనే పనిచేస్తోంది! (కథ ముందే చెప్పేశానని తిట్టుకోకండి, పుస్తకం వచ్చి పదిహేనేళ్లు దాటింది.)

తల్లీ కూతురూ ఒకే కప్పు కింద ఉన్నారు. నోరు విప్పితే తల్లి ఉద్యోగం పోతుంది, పిల్లకు దూరమవుతుంది. ఇది రచయిత్రి కల్పనే గానీ తల్లి ఎవరో బిడ్డకు తెలియనివ్వని ఆ కట్టుబాటు కల్పన కాదు. ఆ ఆశ్రమం 1741లో పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది. తల్లులు గుర్తుగా సగం నాణెమో, గౌనులోంచి కత్తిరించిన చిన్న గుడ్డముక్కో ఇచ్చేవారు. గుడ్డముక్కను చేరిక కాగితానికి గుండుసూదితో గుచ్చి భద్రం చేసేవారు. బిడ్డకు కొత్త పేరు పెట్టేవారు. ఎప్పుడైనా తల్లి తిరిగొస్తే పోల్చుకోవడానికి ఆ గుర్తు. 1760 వరకు చేరింది 16 వేలకు పైగా పిల్లలు, తల్లిదండ్రులు వెనక్కి తీసుకెళ్లింది 152 మందిని. మిగిలినవాళ్లకు తమ పేరిట ఒక గుడ్డముక్క ఉందని కూడా తెలియదు. తల్లి బిడ్డను వెతుక్కోవడానికి దారి పెట్టారు, బిడ్డ తల్లిని వెతుక్కోవడానికి మాత్రం పెట్టలేదు. హెట్టీ కోపం ఆ అన్యాయం మీద. దానికి పొగరని పేరు పెట్టడం మనకు సౌకర్యం, అంతే.

లండన్ సంగతి మనకెందుకు అంటారా? 1999, 2001లో హైదరాబాద్‌ను కుదిపేసిన దత్తత కుంభకోణాలు గుర్తు తెచ్చుకోండి. తండాల్లో లంబాడా ఆడశిశువులను దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని, విదేశీ దత్తతలు జరిపించే సంస్థలకు చేర్చిన వ్యవహారం అది. అప్పటి పసివాళ్లు ఇప్పుడు పాతికేళ్లు దాటినవాళ్లు. వాళ్లలో ఎవరైనా ఫైలు తెరిచి చూస్తే ‘ఇష్టపూర్వకంగా అప్పగించారు’ అన్న వాక్యం, కింద ఒక వేలిముద్ర కనిపించవచ్చు. ఆ కాగితాన్ని నమ్మి బుద్ధిగా కూర్చోవాలా? అక్కడ పనికొచ్చేది హెట్టీ పొగరే.

తల్లి గోప్యత మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. పెళ్లి కాకుండా కన్న ఆడపిల్ల ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో ఊళ్లో కాపురం చేసుకుంటూ ఉండవచ్చు. గుమ్మంలోకి బిడ్డ వచ్చి నిలబడితే ఆమె బతుకేం కావాలి?

దత్తత నిబంధనలు దీనికి దారి చూపించాయి. 18 ఏళ్లు నిండిన దత్తపుత్రిక తన మూలాల కోసం సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కన్నవాళ్లు తమ వివరాలు చెప్పొద్దని ముందే కోరి ఉంటే వాళ్ల అనుమతి అడగాలి. వాళ్లు కాదన్నా, ఆచూకీ దొరకకపోయినా, ఏ పరిస్థితుల్లో వదులుకున్నారో బిడ్డకు చెప్పి తీరాలి. తల్లి చిరునామా దక్కకపోయినా తన కథ తనకు దక్కుతుంది.

చిక్కేమిటంటే ఇది దత్తత వెళ్లిన పిల్లల కోసం రాసింది. ఏ ఇంటికీ వెళ్లకుండా హోమ్‌లోనే పెరిగి, 18 నిండగానే ఒక బ్యాగు, రెండు సర్టిఫికెట్లతో బయటికొచ్చే అమ్మాయి సంగతేంటి? తనను ఎవరు తెచ్చారు, ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో దొరికింది, ఒంటి మీద ఏ బట్ట ఉంది, చేరిన రోజు రిజిస్టర్‌లో ఎవరేం రాశారు, ఇవన్నీ కాపీ తీసి వెళ్లే రోజు ఆమె చేతిలో పెట్టాలి. అడిగితే ఇస్తామనడం కాదు, అడగకముందే ఇవ్వాలి. ప్రభుత్వానికి దీనివల్ల అయ్యే ఖర్చు జిరాక్స్ ఖర్చు.